వీధి కింద పదకొండు నిమిషాలు

ఆ డిసెంబరులో మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. పూర్తిగా మానేయలేదు, మా అమ్మ ద్వారా మాట్లాడేవాడు. "నిన్ఫా, ఆ స్టేషన్ వాళ్ళని ఉప్పు ఇటు జరపమను," అనేవాడు. ఉప్పు నా మోచేతి పక్కనే ఉండేది. ఆ ఇంట్లో స్టేషన్ వాళ్ళంటే నేనొక్కదాన్నే. అమ్మ నిట్టూర్చి, "మైగా, మీ నాన్నకి ఉప్పు," అనేది. నేను జరిపేదాన్ని. "నిన్ఫా, సంతోషమని చెప్పు," అనేవాడు నాన్న. ఎంత కోపమొచ్చినా మర్యాదకి లోటు చేసే మనిషి కాదు.

మా నాన్న ఎవెలియో ఇరవై రెండేళ్ళుగా మా కొండపేట ఉన్న కాతియా నుంచి నగరం నడిబొడ్డున ఉన్న ఎల్ సిలెన్సియోకి షేర్ కారు నడుపుతున్నాడు. ఐదుగురు ప్రయాణికులు, ఒక రేడియో, అద్దానికి వేలాడే మేరీమాత బొమ్మ. ఆ దారిలో తిరిగే ముప్పై ఎనిమిది కార్లకీ ఒక సంఘం ఉంది. దాన్ని 'లైన్' అంటాం. దానికి ఆయనే ప్రెసిడెంటు. ఆ రోడ్డుని ఏళ్ళ తరబడి తవ్వారు. ఆ దుమ్ము మా కాఫీలో పడింది, ఆరేసిన బట్టల్లో పడింది, నాన్న కారు ఇంజన్లో పడింది. చివరికి ఆ గోతిలోంచి రైలు రాబోతోంది, అదీ సరిగ్గా ఆయన చక్రాల కిందనే. నేనేమో ఆ రైలు స్టేషన్లో గైడు ఉద్యోగానికి ఇంట్లో చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. ట్రైనింగుకి తీసుకున్నారు. నవంబరు చివర్లో నీలం కోటు వేసుకుని గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి నాన్న తింటున్న మొక్కజొన్న రొట్టె, అరేపా, చేతిలోనే ఉండిపోయింది.

స్టేషను జనవరి రెండో తేదీన తెరుస్తారు. ఆ పొద్దున ఆ మెట్ల దగ్గర నేను నిలబడాలి. నాకు అంతకంటే పెద్ద కోరిక ఆ రోజుల్లో ఇంకోటి లేదు. ఆ పొద్దునే అవే మెట్లకి అడ్డంగా ముప్పై ఎనిమిది కార్లూ పెట్టి ఒక్క పురుగుని కూడా లోపలికి పోనివ్వకూడదని లైన్ వాళ్ళ పట్టు. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర భోంచేస్తున్నాం.

అయితే ఆ మెట్ల దాకా వెళ్ళటానికి ముందు నాకింకో గండం ఉంది. మాకు శిక్షణ ఇచ్చే బ్రిసెన్యో మేడమ్ నవ్వగా ఎవరూ చూడలేదు. ట్రైనీలం నలభైమందిమి, ఉంచుకునేది ఇరవై ఆరుగురిని. ఆఖరి పరీక్ష ఏమిటంటే, ఒక్కొక్కరం మా మా పేటల నుంచి ముప్పైమందిని తీసుకురావాలి. ఎప్పుడూ కిందికి దిగని వాళ్ళయి ఉండాలి. వాళ్ళని గేటు దగ్గర్నుంచి రైలెక్కించి ఆ చివర దించేదాకా తోపులాట, కేకలు లేకుండా నడిపించాలి. "మీ మనుషులు ఎంత బాగా నడిస్తే మీకు అన్ని మార్కులు," అంది మేడమ్. మా కొండమీద ఎవర్ని పిలిచినా నాన్న కారెక్కి తిరిగేవాళ్ళే. వాళ్ళలో సగంమంది పిల్లలకి బాప్తిస్మంలో ఆయనే జ్ఞానతండ్రి.

అందుకని అయాకాల రోజు కోసం కాచుకుని కూర్చున్నాను. క్రిస్మస్‌కి అయాకాలు చేయటానికి మా ఇంట్లో పదకొండుమంది ఆడవాళ్ళు చేరతారు. ఒకరు అరటాకు తుడుస్తారు, ఒకరు మొక్కజొన్న పిండి పరుస్తారు, ఒకరు మాంసం కూర పెడతారు, ఒకరు ఆలివ్ కాయలూ ఎండుద్రాక్షా సర్దుతారు, చివర్న దారంతో కట్టేది నేను. రేడియోలో గైతాలు, మా క్రిస్మస్ పాటలు, హోరెత్తుతుంటాయి. సాయంత్రం దాకా ఎవరూ ఆ బల్ల వదిలి పోలేరు. ఇంతకంటే మంచి సభ నాకెక్కడ దొరుకుతుంది?

"వచ్చే శనివారం రైలు చూపిస్తా. ఊరికే. ఎవరెవరొస్తారు?" అన్నాను ముడి బిగిస్తూ.

చేతులన్నీ ఆగిపోయాయి. మా పక్కింటి తొమాసా అవ్వకి డెబ్బై ఎనిమిదేళ్ళు. ఆవిడ ఆకు పక్కనబెట్టి, "ఆ కదిలే మెట్లు కాలివేళ్ళు కొరికేస్తాయంటగా?" అంది.

"ఎవరన్నారవ్వా?"

"ఇంకెవరు, మీ నాన్నే."

"గాలెక్కణ్ణించి వస్తదే అక్కడికి?" అంది ఒబ్దూలియా పిన్ని. ఆవిడ గొంతెత్తితే కొండ మొదట్లో ఉన్న కుక్కలు లేస్తాయి. "చచ్చాక ఎట్టాగూ భూమిలోకే పోతాం. ఇప్పుడే తొందరేంటి?"

"అక్కడ మీ ఇంట్లోకంటే చల్లగా ఉంటుంది పిన్నీ. పైన ఫ్యాన్లుంటాయి."

"ఎవెలియోకి తెలిస్తే రేపట్నుంచి నన్ను కారెక్కించుకుంటాడా? నే పన్లోకి నడిచిపోవాలా?" అంది ఇంకొకావిడ. అందరూ మా అమ్మ వైపు చూశారు. అమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ప్రెసిడెంటు భార్య కాబట్టి మాట్లాడకపోవటం అలవాటు చేసుకుంది కూడా. ఆలివ్ గిన్నెలోంచి తల ఎత్తకుండానే, "నా పేరు రాసుకో," అంది.

ఒబ్దూలియా పిన్ని లేచి రేడియో తగ్గించింది.

"నిన్ఫా! మీ ఆయన నీతో కూడా మాట్లాడ్డం మానేస్తాడే!" అంది ఒబ్దూలియా పిన్ని.

"మానేస్తే ఇంక ఉప్పు ఎవర్ని అడుగుతాడు?" అంది అమ్మ.

ఆ నవ్వులకి తొమాసా అవ్వకి పొలమారింది. నీళ్ళు తాగి, "సరే, నాదీ రాయి. వేళ్ళు పోతే పోతాయి, ఎట్టాగూ ఆ చెప్పులు బిగుతే," అంది. సాయంత్రానికి నా దగ్గర ఇరవై రెండు పేర్లున్నాయి. మిగతావి అయాకాలు పంచడానికి ఇంటింటికీ పోయినప్పుడు పోగుచేశాను. వేడి అయాకా చేతిలో పెడితే కాదనటం ఎవరికైనా కష్టమే.

మా కొండకి రెండొందల పధ్నాలుగు సిమెంటు మెట్లు. అక్కడే వాళ్ళకి తర్ఫీదు మొదలుపెట్టాను. కుడివైపు నిలబడాలి, ఎడమవైపు తొందరున్నవాళ్ళకి వదలాలి, పక్కనుండే చేతిపట్టీ పట్టుకోవాలి. మా వాళ్ళు పుట్టాక ఒక వైపున నిలబడి ఎరగరు. ముగ్గురు కలిస్తే మెట్ల మధ్యలో కూర్చుని కబుర్లాడతారు, దిగేవాళ్ళు వాళ్ళ మీదనుంచి దాటుకుని పోవాలి.

"ఊరికే నిలబడు అవ్వా. నిలబడితే మెట్టే నిన్ను తీసుకెళ్తుంది."

తొమాసా అవ్వ నిలబడింది. చాలాసేపు నిలబడింది. "ఎక్కడికీ పోవట్లేదే," అంది.

"ఇది మన మెట్టవ్వా. ఇది పోదు."

"మరి పోని మెట్టుమీద నిలబెట్టి పోయే మెట్టు నేర్పిస్తావేంటే, పిచ్చిమొహమా?"

కింద రోడ్డుమీంచి నాన్న కారు నెమ్మదిగా పోయింది. ఆయన తల బయటికి పెట్టి చూశాడు. మెట్లమీద కుడివైపున వరసగా నిలబడిన తన ప్రయాణికుల్ని ఒక్కొక్కర్నీ చూశాడు. హారన్ కూడా కొట్టలేదు. నేను మాత్రం తర్ఫీదు ఆపలేదు.

పద్ధెనిమిదో తేదీ శనివారం పొద్దున మా ముప్పైమందీ క్రిస్మస్ బట్టల్లో దిగారు. పండగకింకా వారం ఉందని ఎవరికీ పట్టలేదు. ఒబ్దూలియా పిన్ని జుట్టు ఉంగరాలు తిరగటానికి చుట్టుకునే గొట్టాలు తీసేసి రావటం నేనదే మొదటిసారి చూడటం. స్టేషను మెట్ల దగ్గర తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన లైన్‌లోని తెయోదులో మామ.

"నిన్ఫా, ఆ స్టేషన్ వాళ్ళకి చెప్పు, లైన్ ప్రెసిడెంటు తనిఖీకి వచ్చాడని. కళ్ళతో చూసి మావాళ్ళకి చెప్పుకోవాలిగా," అన్నాడు.

"నేనివాళ ప్యాసింజర్ని. నువ్వే చెప్పుకో," అంది అమ్మ.

ఆయన చెప్పుకోలేదు. వచ్చి వరస చివర్న నిలబడ్డాడు. బ్రిసెన్యో మేడమ్ అట్టమీద కాగితం పెట్టుకుని ఇద్దర్నీ అదనంగా రాసుకుంది. దారిలో రైలు మూడు నిమిషాలు కావాలనే ఆపుతామనీ, అది అభ్యాసంలో భాగమనీ, ఎవరూ కంగారు పడొద్దనీ నేను గట్టిగా, రెండుసార్లు చెప్పాను. ఎవరు విన్నారు? అందరూ నేలని చూస్తున్నారు. నేల అద్దంలా మెరుస్తోంది.

కిందికి దిగాక జరిగింది నేనిప్పటికీ నమ్మలేను. కొండమీద ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి కేకలేసి ఉల్లిపాయలడిగే మనుషులు గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఒబ్దూలియా పిన్ని గేటు దాటేముందు చెప్పుల అడుగులు రుమాలుతో తుడుచుకుంది. తెయోదులో మామ పుట్టి బుద్ధెరిగిననాటి నుంచీ సిగరెట్ పీకలు రోడ్డుమీదే పారేశాడు. ఆ రోజు అటూ ఇటూ చూసి పీకని ఆర్పి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, గర్వం కూడా వచ్చింది. తొమాసా అవ్వ శిలువ గుర్తు వేసుకుని, నా చేయి గిచ్చి పట్టుకుని, కదిలే మెట్టెక్కింది. కిందకి చేరాక తన కాళ్ళవైపు చూసుకుంది. పది వేళ్ళూ ఉన్నాయి.

"ఇంకోసారి," అంది.

"తర్వాతవ్వా, రైలొస్తోంది."

రైలు వచ్చింది. తలుపులు వాటంతటవే తెరుచుకుంటే మా వాళ్ళంతా ఒక్కసారి 'ఆ' అన్నారు. దిగేవాళ్ళు లేకపోయినా, నేర్పాను కదా, దిగేవాళ్ళకి దారి వదిలి పక్కకి నిలబడ్డారు. ఖాళీ రైలుకి దారి వదిలి నిలబడిన ఆ ముప్పై ఇద్దర్నీ చూసి మేడమ్ ఏదో రాసుకుంది. మంచిదే అయ్యుంటుందనుకున్నాను. అందరూ కూర్చున్నారు. రైలు సొరంగంలోకి దూసుకుపోయింది. అమ్మ నా వైపు చూసి కళ్ళతో నవ్వింది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. ఈ రైలు నాదే అనిపించింది.

అప్పుడు ఒబ్దూలియా పిన్ని లేచింది. ఆవిడ చెల్లెలిల్లు ఆ దారిలోనే ఉంది. పైన నాన్న కార్లో పోయేటప్పుడు అలవాటుగా ఎక్కడ అరుస్తుందో, సుమారుగా అక్కడికొచ్చామని ఆవిడ లెక్క.

"వీలైనచోట ఆపు నాయనా!" అంది.

షేర్ కార్లో అలాగే అంటాం. స్టాపులేం ఉండవు, నోరు తెరిచి అడిగితే అక్కడ ఆగుతుంది. రైలు ఆగలేదు. "పిన్నీ, ఇది స్టేషన్లోనే ఆగుతుంది," అన్నాను. ఆవిడకి నా మాట కంటే తన గొంతుమీద నమ్మకమెక్కువ. ఇంకాస్త పెంచింది. "డ్రైవరన్నా! వీధి మూలమీద ఆపు!" ఆ అరుపుకి మరో ఇద్దరు నిద్రలేచినట్టు లేచి, "నేనూ అక్కడే," అన్నారు. వెనకసీట్లోంచి ఎవరో చిల్లర తీసి ముందుకి అందించారు. చేతులు మారి మారి ఆ చిల్లర నాదాకా వచ్చింది. వద్దంటే వినకుండా నా కోటు జేబులో పడేశారు.

"చూశావా తెయోదులో," అన్నాడు నాన్న, పెట్టె మొత్తానికీ వినపడేలా. "ఆపమంటే ఆపదు. మనిషి మాట చెవికెక్కని బండి. రాసుకో, మన సభలో చెప్పాలి."

మేడమ్ కూడా రాసుకుంటోంది. ఒబ్దూలియా పిన్ని ఊపిరి గట్టిగా పీల్చుకుంది. "ఆపవయ్యా బాబూ!" అని మూడోసారి అరిచింది.

రైలు ఆగింది.

అభ్యాసం కోసం ఆపాల్సిన చోటు అదే, ఆపాల్సిన నిమిషం అదే. కానీ ఆ మాట ఎవరికి చెప్పను? "హమ్మయ్య, వినపడింది," అంది పిన్ని విజయంతో, సంచీ సర్దుకుని తలుపు దగ్గరికి పోయింది. ఆవిడ వెనక ఐదారుగురు లేచారు. అంతలో పెద్ద దీపాలారిపోయి మూలల్లో చిన్న దీపాలు మాత్రం మిగిలాయి. తలుపు తెరుచుకోలేదు. అద్దం బయట మూల లేదు, వీధి లేదు. నల్లటి గోడ ఉంది.

"ఓరి దేవుడా, నేనాపేశాను," అంది పిన్ని. ఆవిడ గొంతు అంత చిన్నగా రావటం నేనెప్పుడూ వినలేదు. "నా నోరు పడిపోను, నేనే ఆపేశాను!"

ఇంక చూడాలి. ఒకావిడ ఏడుపందుకుంది. ఇంకొకాయన తలుపుల మధ్య వేళ్ళు దూర్చి లాగటం మొదలుపెట్టాడు. వెనకున్నవాళ్ళు ముందుకి తోశారు. తొమాసా అవ్వ కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని జపం చేస్తోంది. నేను పుస్తకంలో నేర్పింది మొదలుపెట్టాను: "గౌరవనీయులైన ప్రయాణికులకు మనవి. రైలు తాత్కాలికంగా..." ఎవరూ నా వైపు చూడలేదు. గౌరవనీయులని మా కొండమీద ఎవర్నీ ఎవరూ ఎన్నడూ పిలవలేదు, తమనే అంటున్నానని వాళ్ళకెలా తెలుస్తుంది? మేడమ్ పెన్ను ఎత్తి పట్టుకుని నన్నే చూస్తోంది. మిగతా వాక్యం నా నోట్లోంచి ఎగిరిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను. నీలం కోటు రేపు ఇచ్చేయాలి.

చిన్నప్పుడు బడి లేని రోజుల్లో నాన్న కారు ముందుసీట్లో నన్ను కూర్చోబెట్టుకునేవాడు. దారిలో వచ్చే వీధి మూలల పేర్లు అరవటం నా పని. నేను సీటు మీదకెక్కి నిలబడ్డాను, చెప్పులతోనే.

"అరుపులాపండి! మనం ఎక్కడున్నామో నాకు తెలుసు," అని కేకపెట్టాను. "పోర్చుగీసు వాళ్ళ బేకరీ కింద ఉన్నాం! నెత్తిమీద సరిగ్గా బేకరీ! ఇప్పుడు హామ్ రొట్టెలు పొయ్యిలోంచి తీస్తుంటారు!"

ముందున్నవాళ్ళు ఆగి పైకి చూశారు. వెనకాల నుంచి ఒక గొంతు వచ్చింది.

"బేకరీ కాదు."

నాన్న. మూడు వారాల్లో నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

"బేకరీయే," అన్నాను.

"బేకరీ ఇంకా రాలేదు. పరుపుల కొట్టు కింద ఉన్నాం."

"పరుపుల కొట్టు ఎప్పుడో దాటిపోయింది నాన్నా. ఇందాక ఒక వంపు తిరిగాం కదా, అది మంగలి షాపు దగ్గర వంపు."

"మంగలి షాపు దగ్గర వంపా! విన్నావా తెయోదులో! అది శవపేటికల కొట్టు వంపు. ఇరవై రెండేళ్ళు తిప్పాను దాన్ని, నాకు చెప్తావా?"

"ఇక్కడ శవపేటికల ఊసెత్తకు నాన్నా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఏడుస్తున్నావిడ కూడా ముక్కు తుడుచుకుని వింటోంది. "పిల్ల చెప్పిందే నిజం ప్రెసిడెంటూ," అన్నాడు తెయోదులో మామ. "ఈ రైలు నీ డొక్కు కారనుకున్నావా, పరుపుల కొట్టు దగ్గర వేడెక్కి ఆగటానికి?" "నువ్వెవరి మనిషివిరా?" అన్నాడు నాన్న. తలుపులు లాగుతున్నాయన చేతులు వదిలేసి, తను బేకరీలోనే ఏడేళ్ళు పిండి కలిపాననీ, కింద గోతులు తవ్వుతున్నప్పుడు పొయ్యి గోడ బీటలిచ్చిందనీ, కాబట్టి బేకరీ కిందే ఉన్నామనీ సాక్ష్యం చెప్పాడు. అమ్మ పరుపుల కొట్టు వైపు చేరింది. ఒబ్దూలియా పిన్ని తన చెల్లెలిల్లు ఈ రెండింటికీ మధ్యనుంది కాబట్టి తను సరైనచోటే ఆపించానంది. గొంతు మళ్ళీ మామూలుకొచ్చేసింది. తొమాసా అవ్వ జపం ఆపి ముక్కెగబీల్చి, "బేకరీ అయితే వాసన రావాలిగా," అంది. ముప్పై ఇద్దరూ ఒక్కసారిగా గాలి పీల్చారు. నాకైతే నవ్వుతో కళ్ళనీళ్ళు వచ్చేశాయి.

దీపాలు వెలిగాయి. రైలు కదిలింది. ఎవరికీ పట్టలేదు, వాదన సాగుతూనే ఉంది. ఎల్ సిలెన్సియోలో దిగి, కుడివైపు వరసగా నిలబడి కదిలే మెట్లమీద పైకిపోతూ కూడా, ముందువాడు వెనక్కి తిరిగి, వెనకవాడు ముందుకి వంగి, బేకరీ అంటే పరుపులు అని తగువులాడుకున్నారు.

ప్లాట్‌ఫారం మీద మేడమ్ నా దగ్గరికొచ్చింది. "ఆ ప్రసంగం పుస్తకంలో ఏ పేజీలో ఉంది?"

"పుస్తకంలో లేదు మేడమ్."

"సీటుమీద చెప్పులతో నిలబడమని ఉందా?"

"లేదు మేడమ్."

"సీటు తుడిచి రండి," అంది. నేను రుమాలుతో తుడిచి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉంది. "సోమవారంలోగా ఆ దారి మొత్తం, పైన ఎక్కడ ఏముందో, వరసగా రాసి నా బల్లమీద పెట్టండి. మిగతా గైడ్లకి కూడా కావాలి." అని వెళ్ళిపోయింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందేమో, చెప్పలేను.

నాన్న మాత్రం పైకి పోలేదు. స్తంభం పక్కన నిలబడి చేతి గడియారం చూసుకుంటున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం మా కొండ మెట్ల కింద, రోడ్డుపక్కన కార్లో ఆయనొక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంజను ఆపేసి ఉంది. నేను వెళ్ళి ముందుసీట్లో కూర్చున్నాను.

"పదకొండు నిమిషాలు. ఆగిన మూడూ తీసేస్తే," అన్నాడు.

"అవును నాన్నా."

"నాకు యాభై. వానొస్తే గంటంపావు." స్టీరింగు మీద బొటనవేలితో గీస్తున్నాడు. "ఇరవై రెండేళ్ళు జనాన్ని ఆలస్యంగా దించాను."

"దించావు కదా నాన్నా. ఎవర్నీ దారిలో వదిలెయ్యలేదు కదా."

ఆయన వినిపించుకోలేదు. "బేకరీయే," అన్నాడు. "తర్వాత లెక్కేశాను. బేకరీ కిందే ఆగింది." కారు దిగి మెట్లెక్కి ఇంటికి పోయాడు. రెండో తేదీ సంగతి నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇరవై ఏడున లైన్ సభ మా డాబామీద జరిగింది. లైన్‌లో పెద్ద నిర్ణయాలకి చేతులెత్తరు. ప్రెసిడెంటు టోపీ బల్లమీద బోర్లించకుండా పెడతారు, ఒప్పుకున్నవాళ్ళు తమ కారు తాళం అందులో వేస్తారు. వేశాక ఆ పని పూర్తయ్యేదాకా మాట తిప్పకూడదు. కేకలు కిందికి వినపడ్డాయి. ఎవరో కుర్చీ తన్నారు. మాటలు తెలియకుండా పక్కింటివాళ్ళ రేడియో మోగుతోంది. అమ్మ కాఫీ పళ్ళెం నా చేతికిచ్చి పంపింది. నేను మెట్లెక్కేసరికి వాదన ముగిసింది. టోపీ నిండుగా ఉంది. నేను చూస్తుండగానే నాన్న జేబులోంచి తన తాళం తీసి, అన్నిటికంటే పైన వేశాడు.

పళ్ళెం అక్కడ పెట్టేసి కిందికొచ్చాను. "నాన్న కూడా వేశాడమ్మా," అన్నాను. అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ, "వేశాడా? మంచిది," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత జరిగాక అమ్మకూడా అటే చేరిందా అనుకున్నాను. ఆ వారమంతా ఉప్పు నేనే జరిపాను, ఎవరూ అడగకముందే, దబ్బున బల్లమీద కొట్టి.

ముప్పయ్యో తేదీన పేర్లు అంటించారు. ఇరవై ఆరుగురిలో నా పేరు పదకొండోది. మా కాతియా స్టేషనే ఇచ్చారు. గంతులేయాల్సింది. వీధి చివరిదాకా పరుగెత్తాను కూడా. అక్కడ రోడ్డుమీద లైన్ కార్లు వరసగా కడుగుతూ కనిపించాయి. పెళ్ళికి ముస్తాబు చేస్తున్నట్టు కడుగుతున్నారు. తెయోదులో మామ నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

జనవరి రెండు, ఆదివారం. స్టేషనుకి నేను చీకటితోనే చేరుకున్నాను. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి, నేల మెరుస్తోంది, టికెట్ గేట్లు ఎదురుచూస్తున్నాయి. వీధి షట్టరు తాళం బ్రిసెన్యో మేడమ్ నా చేతికిచ్చింది. "సరిగ్గా సమయానికి తీయాలి," అంది. ఇంకా ఐదు నిమిషాలుంది. అప్పుడు పైనుంచి హారన్లు వినపడ్డాయి. ముందు ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్కపెట్టలేనన్ని.

మేడమ్ మొహం పాలిపోయింది. "అడ్డం పెట్టేశారా? పోలీసులకి ఫోన్ చేయనా?"

"మొదటి హారన్ మా నాన్నది మేడమ్. ఒక్క నిమిషం," అన్నాను. ఆ మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. పంతంగానే ఎక్కాను. అడ్డంగా పెడితే కార్ల మీదనుంచే జనాన్ని దాటిస్తానని ఎక్కాను.

షట్టరు ఊచల్లోంచి చూశాను. ముప్పై ఎనిమిది కార్లూ ఉన్నాయి. అడ్డంగా లేవు. ఒకదాని వెనక ఒకటి, కొండ వెనక రోడ్డు మలుపుదాకా బారుగా ఉన్నాయి. ముందుది ఆగుతోంది, జనం దిగుతున్నారు, అది జరుగుతోంది, వెనకది వస్తోంది. కొండ వెనకనుంచి మా ఇళ్ళదాకా ఎక్కే ఆ గతుకుల రోడ్డుకి టైర్లు పాడవుతాయని ఇరవై రెండేళ్ళలో లైన్ కారు ఒక్కటీ ఎక్కలేదు. ఇప్పుడు అద్దాల మీద ఎల్ సిలెన్సియో బోర్డులు లేవు. సున్నంతో కొత్తగా రాశారు: 'కొండ – మెట్రో'. మొదటి కారు ముందుసీట్లోంచి తొమాసా అవ్వ దిగుతోంది. వెనక కార్లోంచి ఒబ్దూలియా పిన్ని దిగి, ఆగమన్నచోటే ఆగిందని చుట్టూ అందరికీ చెబుతోంది. అమ్మ పక్కన నిలబడి నా మొహమే చూస్తోంది. టోపీలో ఆ తాళాలు దేనికి పడ్డాయో ఆవిడకి మొదట్నుంచీ తెలుసు.

నాన్న కారు దిగి షట్టరు దగ్గరికొచ్చాడు. తెల్లచొక్కా, తలకి నూనె. ఊచలకి ఇవతల నేను, అవతల ఆయన, ఆయన వెనక వీధినిండా మా కొండ మొత్తం. నా నీలం కోటు కాలరు నుంచి గుండీల దాకా చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పుట్టిన ఇరవై మూడేళ్ళలో నన్ను 'ఏమే', 'ఇటు రా' అనటమే తప్ప ఇంకోలా పిలవని మనిషి.

"అమ్మాయిగారూ," అన్నాడు, అందరికీ వినపడేలా. "మా వాళ్ళని తీసుకొచ్చాం. మీరు తలుపు తీస్తే లోపలికొస్తారు."

ఆయన్ని గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. కోటులో ఉన్నాను, ఊచలు అడ్డం ఉన్నాయి, గడియారం సమయమైందంటోంది. తాళంచెవి పెట్టి తిప్పాను. షట్టరు పైకి లేచింది.

"రండి," అన్నాను.